మూడు కప్పుల్లో ఏది వేరు?

ఇంట్లో ఉన్న కాఫీ మెషీన్, రెండు రకాల గింజలు, ఒక నోట్‌బుక్... కెరియర్‌కు ఇవీ ముడిసరుకే!

ఇంటర్వ్యూ గది. మీ ముందు టేబుల్ మీద మూడు చిన్న కప్పులు. మూడింట్లోనూ ఒకేలా కనిపించే నల్లటి కాఫీ. ‘వీటిలో రెండు ఒకటే. మూడోది వేరు. ఏదో చెప్పండి’ అంటారు ఎదురుగా కూర్చున్నవారు. ఈ ప్రశ్నకు జవాబు ఏ బిట్ బ్యాంకులోనూ దొరకదు. పక్కవాళ్ల పేపర్లోకి తొంగిచూసినా లాభం లేదు. స్పూన్, నాలుక, మీరు... అంతే!

దీన్ని ట్రయాంగిల్ టెస్ట్ అంటారు. ఆహార పానీయాల కంపెనీల నాణ్యతా విభాగాల్లో బాగా వాడుకలో ఉన్న పద్ధతి ఇది. కాఫీని రుచి చూసి మార్కులు వేసే క్యూ గ్రేడర్ల పరీక్షలో అభ్యర్థులను బాగా కంగారు పెట్టేదీ ఇదే. ‘మనకెందుకులే, అదంతా నాలుక గొప్పగా ఉన్నవాళ్ల పని’ అనుకోకండి. రుచి చూడటం పుట్టుకతో వచ్చే విద్య కాదు. టైపింగ్ లాగా, కోడింగ్ లాగా సాధనతో వచ్చేదే. పైగా మొదటి పాఠాలు ఇంట్లోనే నేర్చుకోవచ్చు.

తప్పు ఎవరిది?

స్నేహితుడి గదిలో ఓ కొత్త బ్లెండ్ తాగారనుకోండి. పుల్లగా, పలచగా ఉంది. ‘ఈ కాఫీ వేస్ట్’ అని అక్కడే తేల్చేశారు. వారం తిరక్కుండానే పిన్ని వాళ్లింట్లో అదే ప్యాకెట్‌లోని గింజలు, వేరే మెషీన్. ఈసారి చిక్కగా, బెల్లం పాకంలా కమ్మగా ఉంది! మరి మొదటిసారి మీరు రుచి చూసింది బ్లెండ్‌నా, మెషీన్‌నా?

ఈ అనుమానం వచ్చిన రోజే మీరు టేస్టర్‌గా మొదటి మెట్టు ఎక్కినట్టు. ఉద్యోగం ఇచ్చేవాళ్లకు ‘బాగుంది’, ‘బాలేదు’ అనేవాళ్లతో పెద్దగా పని ఉండదు. ఆ మాట కస్టమర్ కూడా చెబుతాడు. ఎందుకలా ఉందో, దేన్ని మారిస్తే మారుతుందో చెప్పగలిగేవాళ్లు కావాలి. అందుకే ఒకే బ్లెండ్‌ను వేర్వేరు మెషీన్ల మీద, వేర్వేరు బ్లెండ్లను ఒకే మెషీన్ మీద పోల్చి చూడటం మంచి సాధన.

ముందు కొన్ని అంకెలు

ఎస్‌ప్రెసో అంటే గింజ పేరు కాదు, కాఫీ తీసే పద్ధతి పేరు. సన్నగా మర పట్టిన పొడిలోంచి సుమారు 9 బార్‌ల ఒత్తిడితో వేడినీటిని పంపి, అర నిమిషంలోపే చిక్కటి కాఫీని దింపడమే ఎస్‌ప్రెసో. ఇటలీలోని ట్యూరిన్‌కు చెందిన ఏంజెలో మోరియాండో 1884లోనే ఆవిరితో కాఫీ తీసే యంత్రానికి పేటెంట్ పొందారు. అయితే ఇప్పుడు మనం చూసే తేనెరంగు నురగ, అదే క్రీమా, రావాలంటే ఆవిరి బలం చాలదు. మిలాన్‌కు చెందిన అకిలె గాజియా 1938లో పేటెంట్ తీసుకున్నారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆయన లీవర్ యంత్రాలు మార్కెట్లోకి వచ్చాకే క్రీమా ఎస్‌ప్రెసోకు గుర్తుగా మారింది.

ఇప్పుడు చాలామంది మొదలుపెట్టే కొలత ఇదీ: 18 గ్రాముల పొడి, 36 గ్రాముల కాఫీ, 25 నుంచి 30 సెకన్లు. ఇది చట్టం కాదు, బయల్దేరే చోటు మాత్రమే. ఇంటర్వ్యూకు వెళ్లేముందు ఈ మూడు అంకెలూ నోటికి వచ్చి ఉండాలి.

ఇక బ్లెండ్. అంటే రెండు మూడు రకాల గింజల కలయిక. అరబికాలో సువాసన, పండ్ల తరహా పులుపు, తీపి ఎక్కువ. రోబస్టాలో చిక్కదనం, చేదు ఎక్కువ. మందమైన క్రీమా ఇస్తుంది. కెఫీన్ అరబికాకు దాదాపు రెట్టింపు. మన దేశంలో పండే కాఫీలో పెద్ద వాటా రోబస్టాదే. ఇటలీ వాళ్ల ఎస్‌ప్రెసో బ్లెండ్లలోనూ మన రోబస్టాకు చాలాకాలంగా చోటుంది. మన అరకు మాత్రం అరబికా ప్రాంతం. అరకు వ్యాలీ అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు (జీఐ) దక్కింది.

సాధనకు రెండు ప్యాకెట్లు చాలు. ఒకటి పూర్తి అరబికా, మధ్యస్థంగా వేయించినది. రెండోది రోబస్టా కలిసిన, ముదురుగా వేయించిన బ్లెండ్. మొదట్లో తేడా కొట్టొచ్చినట్టు తెలియాలి కాబట్టి ఈ జోడీ. నాలుక కాస్త కుదురుకున్నాక ఒకేలా వేయించిన రెండు బ్లెండ్లను పోల్చండి. ప్యాకెట్ మీద రోస్ట్ చేసిన తేదీ ఉందో లేదో చూసుకోండి. వేయించిన వెంటనే గింజల్లో కార్బన్ డయాక్సైడ్ ఎక్కువగా ఉంటుంది, షాట్ నిలకడగా రాదు. వారం, పది రోజులు ఆగితే మేలు. ఇంట్లో వాడే ఫిల్టర్ కాఫీ పొడిలో చికోరీ ఉంటే దాన్ని ఈ పోలికలోకి తేవద్దు. అందులో కాఫీ ఎంతో, చికోరీ ఎంతో మీ నాలుకకు తేలదు.

మెషీన్ కంటే ముందు కప్పింగ్

‘మా ఇంట్లో మెషీనే లేదు’ అంటారా? మంచిదే. మొదటి పాఠానికి అది అక్కర్లేదు. కాఫీ వ్యాపారంలో గింజల నాణ్యతను చూసే పద్ధతి కప్పింగ్. దీనికి కావాల్సింది గిన్నె, వేడినీళ్లు, స్పూన్, చిన్న డిజిటల్ కాటా.

150 మిల్లీలీటర్ల నీటికి 8.25 గ్రాముల పొడి తీసుకోండి. పొడి కాస్త బరకగా ఉండాలి. 93 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉన్న నీళ్లు పోసి నాలుగు నిమిషాలు ఆగండి. పైన తేలిన పొడి పొరను స్పూన్‌తో మెల్లగా పక్కకు తోస్తూ వాసన చూడండి. తేలిన తెట్టును తీసేయండి. నోరు కాలనంత చల్లారాక స్పూన్‌తో తీసుకుని గట్టిగా జుర్రండి. ఇంట్లోవాళ్లు వింతగా చూస్తారు, ఫర్వాలేదు. అలా జుర్రితేనే కాఫీ నోరంతా పరుచుకుంటుంది, వాసన ముక్కు దాకా వెళ్తుంది.

రెండు బ్లెండ్లనూ పక్కపక్కన ఇలా చూసి, ఏమనిపించిందో రాసుకోండి. కప్పింగ్‌లో ఒత్తిడి లేదు, పంపు లేదు. గింజ గుణం సూటిగా తెలుస్తుంది. మెషీన్ మీద తీసిన కాఫీని ఈ రాతతో పోల్చినప్పుడే, మెషీన్ ఏం కలిపిందో, ఏం దాచిందో బయటపడుతుంది.

మూడు మెషీన్లు... మూడు తీర్పులు

మోకా పాట్: 1933లో ఇటలీలో ఆల్ఫాన్సో బియాలెట్టి పేరుతో వచ్చిన అల్యూమినియం పాత్ర. స్టవ్ మీద పెడితే కింది నీళ్లు ఆవిరి ఒత్తిడికి పొడిలోంచి పైకి ఎక్కుతాయి. ఒత్తిడి 1, 2 బార్‌ల దగ్గరే ఉంటుంది కాబట్టి కచ్చితంగా చెప్పాలంటే ఇది ఎస్‌ప్రెసో కాదు, చిక్కటి కాఫీ. నీటి వేడి చివరికొచ్చేసరికి బాగా పెరుగుతుంది. అందుకే ముదురుగా వేయించిన బ్లెండ్ ఇక్కడ త్వరగా చేదెక్కుతుంది. మంట తగ్గించి, బుడబుడ శబ్దం మొదలవగానే దించేసి చూడండి. అదే బ్లెండ్ ఎంత మెత్తబడుతుందో తెలుస్తుంది.

ప్రెషరైజ్డ్ బాస్కెట్ ఉన్న చిన్న మెషీన్: తక్కువ ధరలో దొరికే చాలా మెషీన్లు ఈ రకమే. పొడి వేసే బాస్కెట్ అడుగున రెండో గోడ, దానికి ఒకే ఒక్క సన్నటి రంధ్రం. కాఫీ ఆ రంధ్రంలోంచి చిమ్ముతుంది కాబట్టి పొడి ఎలా ఉన్నా నురగ వచ్చేస్తుంది. కొత్తవాళ్లకు ఇది వరమే, కానీ టేస్టర్‌కు చిక్కు. మంచి గ్రైండింగ్‌కూ, అంతంతమాత్రం గ్రైండింగ్‌కూ తేడాను ఇది కప్పిపుచ్చుతుంది. రెండు బ్లెండ్లూ దగ్గరదగ్గరగా అనిపించే అవకాశం ఎక్కువ. నురగ చూసి మార్కులు వేయొద్దు. అట్టపెట్టె మీద ‘15 బార్’ అని ఉన్నా మురిసిపోవద్దు. అది పంపు గరిష్ఠ సామర్థ్యమే. పొడి దగ్గర కావాల్సింది 9 బార్‌ల ప్రాంతమే.

మామూలు బాస్కెట్, సింగిల్ బాయిలర్ మెషీన్: ఇక్కడ అడుగున దాపరికం లేదు. ఒత్తిడిని నిలబెట్టేది మీరు నొక్కిపెట్టిన పొడే. గ్రైండింగ్ బరకగా ఉంటే 15 సెకన్లలోనే నీళ్లలా దిగిపోతుంది. మరీ సన్నగా ఉంటే చుక్కచుక్కగా రాలుతుంది. బ్లెండ్ల తేడా, మీ తప్పూ రెండూ కప్పులో కనిపిస్తాయి. ఇందులో ఇంకో మెలిక... వేడి. మెషీన్ ఆన్ చేసిన రెండు నిమిషాలకే షాట్ తీస్తే లోహ భాగాలు ఇంకా చల్లగానే ఉంటాయి, అరబికా పుల్లగా వస్తుంది. 15, 20 నిమిషాలు వేడెక్కనిచ్చి అదే షాట్ మళ్లీ తీయండి. పాలు కాచేందుకు ఆవిరి వాడిన వెంటనే తీస్తే వేడి ఎక్కువై చేదు వస్తుంది. స్నేహితుడి గదిలో మీరు ‘వేస్ట్’ అన్న కాఫీ కథ బహుశా ఇదే!

ఒక్కసారికి ఒక్కటే మార్చండి

పోలికలో అసలు కిటుకు ఇక్కడుంది. రెండు బ్లెండ్లకూ గ్రైండర్‌ను ఒకే నంబర్ మీద ఉంచితే న్యాయంగా ఉంటుందనిపిస్తుంది. కానీ ముదురుగా వేయించిన గింజ పెళుసు. అదే నంబర్ మీద వేరేలా నలుగుతుంది, నీళ్లలో త్వరగా దిగుతుంది. కాబట్టి ఒక బ్లెండ్‌కు సరిపోయిన నంబర్ మీద రెండోదాన్ని తీసి ‘ఇది బాలేదు’ అంటే అది తీర్పు కాదు, తొందర.

పొడి బరువు, కప్పులోకి దిగిన కాఫీ బరువు, నీళ్లు, కప్పు... ఇవి రెండింటికీ సమానంగా ఉంచండి. గ్రైండింగ్‌ను మాత్రం ఏ బ్లెండ్‌కు ఆ బ్లెండ్‌కు సర్దండి. రెండూ 25-30 సెకన్ల మధ్యకు వచ్చాకే పక్కపక్కన పెట్టి రుచి చూడండి. ఆ తర్వాత వేడిని మార్చి చూడాలనిపిస్తే వేడినొక్కదాన్నే మార్చండి. రెండింటిని ఒకేసారి మారిస్తే రుచి ఎందుకు మారిందో మీకూ తెలియదు, ఎదుటివారికీ చెప్పలేరు. డిగ్రీ ల్యాబ్‌లో నేర్చుకున్న సూత్రమే కదా ఇది!

నీళ్లను తేలిగ్గా తీసుకోకండి. కప్పులో ఎక్కువ భాగం అవే. ఖనిజాలు దాదాపు లేని ఆర్వో నీళ్లతో కాఫీ చప్పగా అనిపించొచ్చు. బోరు నీళ్లతో మెషీన్ లోపల సున్నం పేరుకుంటుంది. ఏ నీళ్లు వాడినా పోలిక పూర్తయ్యేదాకా అవే వాడండి.

ఉగాది పచ్చడి తిన్న నాలుక మనది

పుస్తకాల్లో కాఫీ రుచులకు బ్లూబెర్రీ, జాస్మిన్ అంటూ పేర్లుంటాయి. అవి తెలియవని జంకొద్దు. మన దగ్గర పదాలకు కరవేం లేదు. ఆరు రుచులను ఒకే గిన్నెలో కలిపి, ఏది ఏదో పోల్చుకునే అలవాటు మనకు చిన్నప్పటినుంచే ఉంది. కొత్తవాళ్లు ఎక్కువగా పొరబడేది పులుపు, చేదు, వగరుల దగ్గరే.

నాలుక అంచులు చివుక్కుమని నోరూరితే పులుపు. మింగాక గొంతు దగ్గర నిలిచేది చేదు. పచ్చి అరటికాయ కొరికినట్టు నాలుక పిడచగట్టుకుపోతే వగరు. పొడిలోంచి రుచి తక్కువగా దిగితే పులుపు, పలచదనం ముందుకొస్తాయి. అప్పుడు గ్రైండింగ్ సన్నం చేయాలి. మోతాదు మించి దిగితే చేదు, వగరు వస్తాయి. అప్పుడు కాస్త బరక చేయాలి. సగం సమస్యలు ఈ రెండు ముక్కలతోనే తీరతాయి.

ఇంకాస్త లోతుకు వెళ్లండి. పులుపు అంటే ఏ పులుపు? నిమ్మదా, చింతపండుదా, ఉసిరిదా, పచ్చి మామిడిదా? తీపి అయితే పంచదారా, బెల్లమా, ఖర్జూరమా? వాసన వేయించిన వేరుశనగపప్పుదా, మాడిన అట్టుదా? వంటింట్లో డబ్బాల మూతలు తీసి రోజూ ఐదు వాసనలు కళ్లు మూసుకుని గుర్తుపట్టండి. ఖర్చు లేని కోచింగ్ ఇది. ఇంగ్లిష్ పేర్లు తర్వాత వాటంతటవే అతుక్కుంటాయి.

మీకు మీరే పరీక్ష పెట్టుకోండి

ఖరీదైన ప్యాకెట్ అని తెలిస్తే కాఫీ రుచిగానే అనిపిస్తుంది. మన మనసు అలాంటిది. అందుకే గుడ్డి పరీక్ష తప్పనిసరి. అన్నయ్యనో, రూమ్మేట్‌నో పిలిచి, మీరు చూడకుండా మూడు కప్పుల్లో కాఫీ పోయమనండి. రెండింట్లో ఒక బ్లెండ్, ఒకదాంట్లో మరొకటి. ఏ కప్పులో ఏముందో కప్పు అడుగున రాసి పెట్టాలి. మీరు వేరుగా ఉన్నదాన్ని పట్టుకోవాలి. ఇలా వీలు చూసుకుని ఆరుసార్లు చేయండి.

ఊరికే ఊహించినా ఒక్కోసారి సరిపోయే అవకాశం మూడింట ఒకవంతు. ఆరింటిలో కనీసం నాలుగు సరిగ్గా చెప్పారా? అది అదృష్టం కొద్దీ కూడా జరగొచ్చు, అలా జరిగే అవకాశం సుమారు 10 శాతం. ఐదో, ఆరో సరిగ్గా చెబితే మాత్రం అదృష్టం వాటా 2 శాతం లోపే. అంటే మీ నాలుకకు తేడా తెలుస్తోందన్నమాట. రెండో మూడో వస్తే బాధపడకండి. ఏ జతలో తడబడ్డారో రాసుకోండి. తర్వాతి వారం పాఠం అదే.

ఒక జాగ్రత్త. రుచి చూడటమంటే కప్పంతా తాగేయడం కాదు. ఈ రంగంలోవాళ్లు రుచి చూసి ఉమ్మేస్తారు, మీరూ అదే చేయండి. ఆరోగ్యవంతులైన పెద్దలకు రోజుకు 400 మిల్లీగ్రాముల కెఫీన్ మించొద్దన్నది అమెరికా ఆహార, ఔషధ సంస్థ చెప్పే హద్దు. గుండెదడ, నిద్రలేమి ఉన్నవాళ్లు డాక్టర్‌ను అడిగాకే మొదలుపెట్టండి. పరీక్షకు ముందు ఆవకాయ, సెంటు రెండూ వద్దు. మధ్యమధ్య మంచినీళ్లతో నోరు పుక్కిలించండి.

కొలువులు ఎక్కడ?

కెఫేలో బరిస్టా అందరికీ తెలిసిన మొదటి మెట్టు. గంటల తరబడి నిలబడే పని. మొదట్లో జీతం గొప్పగా ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు. కానీ అక్కడి నుంచి ట్రైనర్, రోస్టర్, క్వాలిటీ కంట్రోల్ వైపు దారులున్నాయి. ఎగుమతిదారులకు, గింజలను శుభ్రపరిచి గ్రేడ్ చేసే క్యూరింగ్ యూనిట్లకు, ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీలకు రుచి చూసేవాళ్లు అవసరం. గుంటూరు జిల్లా దుగ్గిరాలలో సీసీఎల్ ప్రొడక్ట్స్ ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ ఉంది. మన్యంలో గిరిజన రైతుల నుంచి గిరిజన సహకార సంస్థ (జీసీసీ) కాఫీ కొంటుంది. మెకానికల్, ఎలక్ట్రికల్ చదివినవాళ్లకు మెషీన్ల సర్వీసింగ్ ఇంకో దారి. ‘షాట్ పుల్లగా వస్తోంది’ అన్న ఫిర్యాదు వింటే, వేడిలో లోపమా, గ్రైండింగ్‌లో లోపమా అని రుచి చూసి చెప్పగల టెక్నీషియన్‌కు విలువ ఎక్కువ.

కోర్సు చేయాలనుకుంటే బెంగళూరు కేంద్రంగా ఉన్న కాఫీ బోర్డు ఏడాది వ్యవధితో కాఫీ క్వాలిటీ మేనేజ్‌మెంట్‌లో పీజీ డిప్లొమా నడుపుతోంది. వ్యవసాయ డిగ్రీ చేసినవాళ్లు, డిగ్రీలో వృక్షశాస్త్రం, రసాయనశాస్త్రం, ఫుడ్ టెక్నాలజీ లాంటి సబ్జెక్టులు చదివినవాళ్లు దీనికి ప్రయత్నించొచ్చు. శిక్షణలో కొంత భాగం చిక్కమగళూరు జిల్లాలోని కేంద్ర కాఫీ పరిశోధన సంస్థలో ఉంటుంది. ‘కాపీ శాస్త్ర’ పేరుతో బోర్డు స్వల్పకాలిక శిక్షణ కూడా ఇస్తుంది. స్పెషాలిటీ కాఫీ అసోసియేషన్ కోర్సులు బరిస్టా, రోస్టింగ్, సెన్సరీ విభాగాల్లో మూడు స్థాయుల్లో ఉన్నాయి. ఫీజులు, తేదీలు తాజా ప్రకటనల్లో చూసుకోండి. ఒక్క మాట మాత్రం గుర్తుపెట్టుకోండి. మెషీన్ కోసమో, సర్టిఫికెట్ కోసమో ముందే అప్పు చేయొద్దు. ఓ కాటా, మోకా పాట్, నెలరోజుల నోట్‌బుక్... వీటితో ఆసక్తి నిలబడుతుందో లేదో తెలుస్తుంది. నిలబడితే అప్పుడు ఖర్చు గురించి ఆలోచించండి.

నోట్‌బుక్కే మీ రెజ్యూమె

ప్రతి షాట్‌కూ ఒక వరుస రాయండి. తేదీ, బ్లెండ్, రోస్ట్ తేదీ, మెషీన్, పొడి బరువు, కాఫీ బరువు, సెకన్లు, రుచి, తర్వాత మార్చింది ఏమిటి. నెలకు యాభై వరుసలైనా ఇంటర్వ్యూలో మీ మాట తీరే మారిపోతుంది.

‘నాకు కాఫీ అంటే చాలా ఇష్టం సార్’... ఇది అందరూ చెప్పేదే. దానికి బదులు ఇలా చెప్పి చూడండి: ‘18 గ్రాముల పొడికి 36 గ్రాముల కాఫీ 19 సెకన్లకే దిగింది. నిమ్మ పులుపు ఎక్కువ, చివర్లో తీపి లేదు. గ్రైండింగ్ మాత్రమే సన్నం చేశాను. 28 సెకన్లకు వచ్చింది. పులుపు తగ్గి బెల్లం తీపి తెలిసింది. అదే బ్లెండ్ మా ఇంట్లో మోకా పాట్ మీద ఇంత తేడా చూపలేదు.’ ఇందులో గొప్పలేవీ లేవు. చూసింది, చేసింది, తెలుసుకున్నది ఉన్నాయి. ఫ్రెషర్‌లో ఎదుటివారు వెతికేది ఇదే. కాఫీ రంగంలోకి వెళ్లకపోయినా ఈ అలవాటు ఊరికే పోదు. ఫుడ్ కంపెనీ క్వాలిటీ విభాగమైనా, సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ అయినా తప్పు ఎక్కడుందో పట్టుకునే దారి ఒక్కటే.

ఇక ఆ మూడు కప్పుల దగ్గరికి వద్దాం. మీరు చెప్పింది తప్పయిందే అనుకోండి. ‘ఎందుకు అలా అనిపించింది?’ అని తర్వాతి ప్రశ్న వస్తుంది. అప్పుడు మౌనంగా ఉండిపోతారా, ‘రెండో కప్పులో వగరు ఎక్కువనిపించింది, దాన్ని రోబస్టా అనుకున్నాను’ అంటారా? తేడా అక్కడ తెలిసిపోతుంది. ఈ ఆదివారం వంటింట్లోకి వెళ్లి మూడు కప్పులు కడిగి పెట్టండి. పోసేవాళ్లను ఒకరిని పిలవండి. కళ్లు మాత్రం మూసుకోండి!